‘చేసి ఉండాలి’ అన్న మాటతో ఫ్రెంచ్ సుబ్జోంక్తిఫ్ పాసే

నల్లగొండలో మా మేడ మీద గదిలో రోజూ సాయంత్రం ఫ్రెంచ్ చెప్తాను. మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలున్నారు. ఎక్కువమంది కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్షకు చదువుతున్నవాళ్ళే. బోర్డు మీద ‘సుబ్జోంక్తిఫ్ పాసే’ (సంతోషం, అనుమానం లాంటి మాటల వెంట వచ్చే, పని అయిపోయిందని చెప్పే క్రియారూపం) అని రాయగానే గదిలో టెన్షన్ మొదలవుతుంది. పోయిన నెల హాలియా నుంచి వచ్చే అమ్మాయి అడిగింది: “మేడమ్, అయిపోయిన పనే కదా, మామూలు పాసే కొంపోజే చాలదా?” పాసే కొంపోజే అంటే ‘తిన్నాను’, ‘వెళ్ళాను’ లాంటి మామూలు భూతకాలం. మంచి ప్రశ్న. జవాబు మన తెలుగులోనే ఉంది.

“వాన పడింది” అంటాం. దానికి సంతోషం కలిపి చెప్పండి. “వాన పడింది సంతోషం” అనం, “వాన పడినందుకు సంతోషం” అంటాం. వాన పడిన మాట నిజమే, అందులో అనుమానం లేదు. అయినా సంతోషం వచ్చి చేరగానే ‘పడింది’ కాస్తా ‘పడినందుకు’ అయింది. ఫ్రెంచ్ వాళ్ళూ ఇదే పని చేస్తారు. సంతోషం, బాధ, అనుమానం, తప్పనిసరి, ఇలాంటి మాట ముందు వచ్చి దాని వెంట ‘క’ అనే చిన్నమాట తగిలిందంటే, ఆ తర్వాతి క్రియ సుబ్జోంక్తిఫ్‌లోకి మారాల్సిందే. వాన ఇంకా పడుతున్నందుకు సంతోషమైతే సుబ్జోంక్తిఫ్ ప్రెజాఁ, పడినందుకైతే పాసే. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న నాటేసిన వారానికే వాన పడిందట. అందుకే తన నోట్‌బుక్‌లో మొదటి వాక్యం ఇదే రాయించాను: జ సుయి కోంతాంత్ కిల్ ఎ ప్ల్యు (వాన పడినందుకు నాకు సంతోషం).

ఇక తయారుచేయడం. “తిని ఉండాలి” అన్న మాటలో రెండు ముక్కలున్నాయి: తిని, ఉండు. ఫ్రెంచ్‌లోనూ రెండే. కాకపోతే ‘ఉండు’ లాంటి సహాయక్రియ ముందు వస్తుంది, ‘తిని’ లాంటిది వెనక వస్తుంది. సహాయక్రియలు రెండు, అవ్వార్ (కలిగి ఉండడం), ఎత్ర్ (ఉండడం). వాటి సుబ్జోంక్తిఫ్ రూపాలు నోటికి వస్తే సగం పని అయినట్టే.

అవ్వార్‌కి జ (నేను), త్యు (నువ్వు), ఇల్ (అతను), బహువచనం ఇల్ (వాళ్ళు), ఈ నాలుగింటికీ పలికేది ఒక్కటే, ‘ఎ’. రాత మాత్రం నాలుగూ వేరు: జ కి ఏ-ఐ-ఈ, త్యు కి ఏ-ఐ-ఈ-ఎస్, ఇల్ కి ఏ-ఐ-టీ, బహువచనానికి ఏ-ఐ-ఈ-ఎన్-టీ. నూ (మేము) కి ‘ఎయోఁ’, వూ (మీరు) కి ‘ఎయే’. ఈ రెండింటి రాతలో ఉండే వై తర్వాత మళ్ళీ ఐ రాయకండి. పిల్లలందరూ తప్పు చేసేది ఇక్కడే. ఎత్ర్‌కి అయితే జ, త్యు, ఇల్, నూ, వూ, బహువచనం ఇల్ వరుసలో స్వా, స్వా, స్వా, స్వాయోఁ, స్వాయే, స్వా.

డిక్టేషన్‌లో ఇంకో గుంత ఉంది. ‘ఇల్ ఎ’ అని వినిపిస్తే అది ఎత్ర్ మామూలు వర్తమానమైనా కావచ్చు, అవ్వార్ సుబ్జోంక్తిఫ్ అయినా కావచ్చు. చెవికి తేడా దొరకదు. వెనకున్నది ‘మాంజే’ అయితే తినడం అవ్వార్‌తో పోయే క్రియ కాబట్టి ఏ-ఐ-టీ అని మీరే తేల్చుకోవాలి.

రెండో ముక్కకి పెద్ద కష్టం లేదు. ‘ఈ-ఆర్’ క్రియలకి చివర పలికేది ఏ (మాంజే), ‘ఐ-ఆర్’ వాటికి చాలావరకు ఇ (ఫిని), ‘ఆర్-ఈ’ వాటికి చాలావరకు యు (వాంద్యు). ఫెర్ (చేయడం) కి ‘ఫె’, ప్రాంద్ర్ (తీసుకోవడం) కి ‘ప్రి’, వ్వార్ (చూడడం) కి ‘వ్యు’ లాంటివి పాసే కొంపోజేలో నేర్చుకున్నవే, కొత్తగా ఏమీ లేదు.

ఎత్ర్ పట్టే క్రియల దగ్గర మాత్రం నిదానించండి. వెళ్ళడం, రావడం, బయల్దేరడం, చేరడం, పడిపోవడం, పుట్టడం, చనిపోవడం లాంటివి కొన్ని, వాటితోపాటు ‘స’ తో వచ్చే క్రియలన్నీ. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో పార్తిర్ (బయల్దేరడం) కి అవ్వార్ పెట్టి మార్కులు పోగొట్టుకున్నాను. ఆ ఎర్ర గీత ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. “ఆమె వెళ్ళిపోయినందుకు బాధగా ఉంది” అనాలంటే జ రగ్రెత్ కెల్ స్వా పార్తి. ఇక్కడ పార్తి చివర ఒక ఈ చేరుతుంది, ఎందుకంటే వెళ్ళింది ఆమె. వెళ్ళినవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళైతే ఈ తర్వాత ఎస్ కూడా. పలికితే వినపడదు, కాగితం మీద రాయకపోతే మాత్రం మార్కు పోతుంది.

గడువు పెట్టి చెప్పడానికీ ఇదే రూపం. “ఆరింటిలోపు ముగించి ఉండాలి”: ఇల్ ఫో క త్యు ఎ ఫిని అవాఁ సీజ్ ఓర్. ఇంకా జరగని పనికి పాసే ఏంటని అడుగుతారు. మనం ‘ముగించాలి’ అని ఊరుకోకుండా ‘ముగించి ఉండాలి’ అన్నప్పుడు ఏ తేడా తెస్తామో అదే ఇక్కడా తెస్తున్నాం.

‘ఆశిస్తున్నాను’ అనే ఎస్పేరే మాత్రం ఈ గుంపులో లేదు. “వాడు చేరి ఉంటాడని ఆశిస్తున్నా” అనడానికి మామూలు పాసే కొంపోజేనే: జెస్పేర్ కిల్ ఎతారివే. అలాగే ‘అవాఁ క’ (ముందు) తర్వాత సుబ్జోంక్తిఫ్, ‘అప్రే క’ (తర్వాత) వెంట మామూలు రూపం. మా బ్యాచ్‌లో ఈ జంటను గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసి అంటించాం. ఫ్యాన్ గాలికి ఊగుతూ ఉంటుంది, పిల్లలు రాస్తూ రాస్తూ తలెత్తి దానివైపే చూస్తుంటారు.