ఈ20 పెట్రోల్‌తో పాత బండి మొరాయిస్తోందా? ఇంజిన్ విప్పించే ముందు ఇవి చూడండి

మైలేజీ కాస్త తగ్గిందా? కంగారు పడకండి. ఇప్పుడు బంకుల్లో పోసేది చాలావరకు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే (ఈ20). ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడోవంతు తక్కువ. ఈ10కి (10 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి) ట్యూన్ చేసిన టూవీలర్లకు ఈ20తో మైలేజీ 3-4 శాతం పడిపోతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అంటే 50 ఇచ్చే బండి 48 ఇస్తే అది పెట్రోల్ ప్రభావం. అదే 40కి దిగిందంటే టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, బ్రేకులు చూడాల్సిందే.

పొద్దున్నే స్టార్ట్ కాదు, యాక్సిలరేటర్ ఇస్తే మిస్సింగ్ కొడుతుంది. ఇది ఎక్కువగా కార్బ్యురేటర్ బండ్ల బాధ. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు, కానీ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) సైజు మారదు కదా, మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం చాలదు. ఇంజెక్షన్ బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటే అదే సర్దుకుంటుంది. ప్లగ్ తీసి చూడండి, కొన తెల్లగా ఉంటే ఇదే కారణం కావచ్చు. ఇంజిన్ వేడెక్కాక మిక్చర్ స్క్రూ (కార్బ్యురేటర్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు సర్దేది) కొద్దిగా సరిచేయించండి (ఏ వైపు తిప్పాలో బండిని బట్టి మారుతుంది, అందుకే తెలిసిన మెకానిక్ చేత్తోనే).

చాలా రోజులు నిలిపిన బండి, అందులోనూ రిజర్వ్‌లో పెట్టగానే ఆగిపోతోందంటే నీళ్లను అనుమానించండి. ఇథనాల్ తేమను లాగేస్తుంది, అది మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, రిజర్వ్ లాగేది అక్కడి నుంచే. నిప్పుకు దూరంగా, రిజర్వ్ నుంచి కాస్త గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గీత గీసినట్టు కనిపిస్తే ట్యాంకు, కార్బ్యురేటర్ బౌల్ రెండూ ఖాళీ చేయించాలి. పెట్రోల్‌లో కలిపే మందులు పోసి సరిపెట్టకండి, డబ్బు దండగ. ఈసారి ఊరెళ్లేటప్పుడు ట్యాంకు నింపి, పెట్రోల్ ట్యాప్ కట్టేసి, బౌల్‌లోది అయ్యేదాకా ఇంజిన్ నడిపి ఆపండి.

బండి దగ్గర పెట్రోల్ వాసన వస్తోందా? పాత రబ్బరు పైపులు, ఓరింగులు (అతుకుల్లో లీకు ఆపే రబ్బరు రింగులు) ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి, కొన్ని పగులుతాయి. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఈ20ని తట్టుకునే భాగాలే వేస్తున్నారు. అంతకు ముందువైతే పైపును వేళ్లతో నొక్కి చూడండి. బంకలా అనిపించినా, చెమ్మ తగిలినా ఆ బండిని స్టార్ట్ చేయొద్దు, ఈ20కి సరిపడే పైపు వేయించాకే తీయండి.