యూకేలో సెకండ్ హ్యాండ్ కారు కొని ఇరుక్కుంటే, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి

యూకే వచ్చిన మూడో నెలలో కారు కొన్నాను. ఇల్లు రెడింగ్‌లో, ఆఫీసు ఊరి చివర, బస్సు గంటకొకటి. బర్మింగ్‌హామ్ వైపు ఒక డీలర్ దగ్గర 4,200 పౌండ్లకు ఆటోమేటిక్ బండి కనిపిస్తే శనివారం పొద్దున్నే రైలెక్కి వెళ్లి, చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరును కాలితో ఒకసారి తన్ని చూసి (కార్ల గురించి నాకు తెలిసింది అంతవరకే), చీకటి పడేలోపు నడుపుకుంటూ వచ్చేశాను. తొమ్మిదో రోజున గేరు మారినప్పుడల్లా గుంతలో పడ్డట్టు కుదుపు, ఆ సాయంత్రమే ఇంజిన్ లైటు.

ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడారు, "మేనేజర్‌తో చెప్పి ఫోన్ చేయిస్తాం" అన్నారు. రెండు రోజులాగి మళ్లీ చేశాను, మేనేజర్ సెలవులో ఉన్నాడు. ఆ తర్వాత మీటింగ్‌లో ఉన్నాడు. తర్వాత అసలు ఫోనే ఎత్తలేదు. గోడ మీద "రేపు రా" అని రాసిన ఇంటికి దెయ్యం రోజూ వచ్చి వెళ్లినట్టు నేనూ రెండున్నర వారాలు రోజూ ఫోన్ చేసి పెట్టేశాను. మనకు మొహమాటం ఎక్కువ కదా, గట్టిగా రాస్తే ఏమనుకుంటారో, ఉన్న మర్యాద కూడా పోతుందేమో అని. ఇరవై ఆరో రోజు ఆఫీసులో ఒకావిడ "ఇంతవరకూ రాసి పంపిందేమైనా ఉందా?" అని అడిగితే ఒక్క మెయిల్ కూడా లేదు.

ఆవిడ అలా ఎందుకు అడిగిందంటే, ఇక్కడ 2015లో వచ్చిన వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం డీలర్ దగ్గర కొన్న కారులో అమ్మేనాటికే లోపం ఉంటే, కారు చేతికొచ్చిన 30 రోజుల్లోపు దాన్ని తిప్పికొట్టి పూర్తి డబ్బు వెనక్కి అడగొచ్చు. పాత కారైనా సరే. పదేళ్ల బండికి కొత్త బండి నాణ్యత ఉండదు, సీటు చిరిగిందని, బ్రేక్ ప్యాడ్ అరిగిందని గొడవపడితే గెలవరు, కానీ తొమ్మిదో రోజుకే గేర్‌బాక్స్ పోవడం అరుగుదల లెక్కలోకి రాదు. ఈ 30 రోజుల సంగతి డీలర్‌కు మీకన్నా బాగా తెలుసు. మీరు ఫోన్‌లో హోల్డ్ మ్యూజిక్ వింటూ ఉండగానే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

కాబట్టి లైటు వెలిగిన రోజే మెయిల్ పంపండి. కారు నంబరు, కొన్న తేదీ, కట్టిన మొత్తం, లోపం ఎప్పుడు కనిపించింది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది, ఇవి చాలు. కారును "రిజెక్ట్" చేస్తున్నాననే మాట అందులో సూటిగా ఉండాలి. "దయచేసి ఒకసారి చూడగలరా" అని మాత్రం రాయకండి, మీరు రిపేరుకు ఒప్పుకున్నారని దాన్నే చూపిస్తారు. నేను మొదట అలాగే రాసి, పంపేముందు ఆవిడకు చూపిస్తే నవ్వి మొత్తం కొట్టేసింది. మెయిల్‌తో పాటు అదే కాగితం రాయల్ మెయిల్‌లో సంతకం తీసుకునే పోస్టులో కూడా పంపండి, అందలేదని చెప్పడానికి వీలుండదు. ఎవరి పేరున పంపాలంటే బోర్డు మీద ఉన్న పేరుకు కాదు, ఇన్‌వాయిస్ మీద ఉన్న కంపెనీకి. రెండూ వేరుగా ఉండటం మామూలే. కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికితే ఆ కంపెనీ నమోదైన అడ్రసు దొరుకుతుంది, అది ఇంకా నడుస్తోందో మూతపడే దారిలో ఉందో కూడా తెలుస్తుంది.

మెయిల్ వెళ్లిన గంటలో మేనేజర్ గారు సెలవు నుంచి తిరిగొచ్చారు. ఫోన్ చేసి, "తీసుకురండి, ఉచితంగా రిపేరు చేసిస్తాం" అన్నారు. 30 రోజుల్లోపు అయితే దానికి మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకుంటే తప్పేం లేదు కూడా, కారు వాళ్ల దగ్గర ఉన్నన్ని రోజులూ ఆ 30 రోజుల లెక్క ఆగుతుంది, తిరిగొచ్చాక కనీసం 7 రోజులైనా మిగులుతాయి. కాకపోతే ఒప్పుకున్నదేదో, ఏ తేదీన ఇచ్చారో అన్నీ మెయిల్‌లోనే ఉండాలి. ఫోన్‌లో మాట్లాడక తప్పకపోతే పెట్టేసిన వెంటనే "ఇప్పుడు మనం మాట్లాడుకున్నది ఇదీ" అని రెండు లైన్లు పంపేయండి. లేకపోతే ఆ మాట నీటి మీద రాతే.

30 రోజులు దాటిపోయినవాళ్లు కంగారు పడకండి. అప్పుడు డీలర్‌కు రిపేరుకు ఒక్క అవకాశం ఇవ్వాలి. ఆ ఒక్కసారికి కుదరకపోతే కారు వెనక్కివ్వొచ్చు, కాకపోతే మీరు తిరిగిన మైళ్లకు కొంత కోసుకునే హక్కు వాళ్లకుంది. ఈ దారిలో ఒక సుఖం ఏమిటంటే, మొదటి ఆరు నెలల్లో బయటపడ్డ లోపం అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క, కాదని నిరూపించాల్సింది డీలరే. మొదటి 30 రోజుల్లో పూర్తి డబ్బు అడిగేటప్పుడు మాత్రం నిరూపించే భారం మనదే. అందుకే నేను డీలర్‌తో సంబంధం లేని ఇంజనీరుకు 170 పౌండ్లిచ్చి రిపోర్టు రాయించాను, దారిలో ఆగిపోయిన బండ్లకు సాయం చేసే ఏఏ, ఆర్‌ఏసీ లాంటివాళ్లూ ఈ పని చేస్తారు. గేర్‌బాక్స్ లోపం కొన్న తర్వాత వచ్చింది కాదని ఆయన రాసిన ఆ ఒక్క వాక్యమే నన్ను గట్టెక్కించింది. రిజెక్ట్ చేశాక కారు నడపడం ఆపేయండి. పక్కన పెట్టి, మైలేజీ ఫోటో తీసుకోండి, ఇన్సూరెన్స్ మాత్రం ఆపకండి.

ఇంకా కొననివాళ్లు ఇది చదువుతుంటే రెండు మాటలు. కారు నంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర మొత్తం ఉచితంగా వస్తుంది. నా బండికి ఆయిల్ లీకవుతోందని వరుసగా రెండేళ్లు రాసి ఉంది, నేను చూసింది కొన్నాక. రెండోది, దూరంలో కొనకండి. అక్కడికే వెళ్లి తెచ్చుకున్న కారును మీరే నడుపుకుంటూ వెనక్కి తీసుకెళ్తే ఆ ఖర్చు డీలర్ ఇవ్వక్కర్లేదు, పైగా కుదుపుల బండిలో మోటార్‌వే మీద వంద మైళ్లు వెళ్లాలంటే గుండె కావాలి. ఇంకొకటి, వాట్సాప్ గ్రూపుల్లో "మనవాళ్ల కారే, ఇండియా వెళ్లిపోతున్నారు" అని వస్తుంటాయి చూడండి, అది వ్యక్తి దగ్గర కొనడం, పైన చెప్పిన హక్కులేవీ దానికి వర్తించవు. చెప్పినదానికి కారు భిన్నంగా ఉంటే తప్ప అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు. డీలర్ మాత్రం ఇన్‌వాయిస్ మీద "సోల్డ్ యాజ్ సీన్" (చూసిందాన్ని చూసినట్టే అమ్మాం) అని ముద్ర కొట్టినా మీ హక్కు పోదు, వారంటీ లేదన్నా పోదు.

నాకు డబ్బు చివరికి డీలర్ నుంచి రాలేదు, క్రెడిట్ కార్డు బ్యాంకు నుంచి వచ్చింది. కొత్తగా వచ్చినవాడికి ఇచ్చే కార్డు కదా, లిమిట్ 500 పౌండ్లే, అడ్వాన్సు 200 దాని మీద కట్టి మిగతాది డెబిట్ కార్డుతో ఇచ్చాను, అదీ తెలిసి చేసింది కాదు. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలో 75వ సెక్షన్ ప్రకారం, వస్తువు ధర 100 పౌండ్లకు మించి 30,000 దాటకుండా ఉంటే, అందులో కొంత మాత్రమే క్రెడిట్ కార్డుతో కట్టినా మొత్తానికి బ్యాంకు కూడా డీలర్‌తో సమానంగా బాధ్యురాలు. మెయిళ్లు, రిపోర్టు, పోస్టు రసీదు జత చేసి పంపితే ఏడో వారంలో డబ్బు వేశారు. బ్యాంకు కాదన్నా, 8 వారాలు నాన్చినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి, ఖర్చేమీ ఉండదు. చివరి జవాబు వచ్చాక మాత్రం ఆరు నెలల్లోపే వెళ్లాలి. డెబిట్ కార్డుకు ఈ చట్టం లేదు, చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి తెప్పించమని బ్యాంకును కోరడం) అడిగి చూడొచ్చు. హెచ్‌పీ, పీసీపీ లాంటి నెల వాయిదాల ఫైనాన్స్ మీద కొన్నవాళ్లు డీలర్ చుట్టూ కాళ్లరిగేలా తిరగక్కర్లేదు, కారు సొంతదారు ఫైనాన్స్ కంపెనీయే కాబట్టి ఫిర్యాదు నేరుగా వాళ్లకే రాయండి. కోపంతో నెల వాయిదా మాత్రం ఆపకండి, క్రెడిట్ రికార్డు చెడిపోయేది మీది.

ఇవేవీ కుదరకపోతే కోర్టే. 14 రోజుల గడువు పెట్టి, ఆలోపు డబ్బు ఇవ్వకపోతే దావా వేస్తానని చివరి ఉత్తరం రాయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల దాకా చిన్న దావాల పద్ధతిలో లాయర్ లేకుండా ఆన్‌లైన్‌లో మీరే వేయొచ్చు, స్కాట్లాండ్‌లో 5,000 దాకా. "కోర్టుకెళ్తే వీసాకు ఇబ్బందా?" అని చాలామంది గుసగుసగా అడుగుతారు. దావా వేసేది మీరు, మీ మీద కాదు, వీసాకూ దీనికీ సంబంధం లేదు. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు సిటిజన్స్ అడ్వైస్ వినియోగదారుల లైనుకు, 0808 223 1133కి, ఉచితంగా ఫోన్ చేయొచ్చు. నేను ఫోన్ చేయమని చెప్పేది ఆ ఒక్క నంబరుకే.

కారు వెనక్కిచ్చేసిన రోజే బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏ వెబ్‌సైట్‌లో బండి డీలర్‌కు ఇచ్చినట్టు నమోదు చేయండి, లేకపోతే తర్వాత పడే జరిమానాలు మీ ఇంటికే వస్తాయి. మిగిలిన పూర్తి నెలల రోడ్ టాక్స్ వాళ్లే వెనక్కి పంపుతారు. చెక్కు లాగ్‌బుక్‌లో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఉన్న అడ్రసుకు వస్తుంది కాబట్టి ఈలోపు గది మారినవాళ్లు పాత హౌస్‌మేట్‌కు ఒక మాట చెప్పి పెట్టుకోండి. నా చెక్కు మూడు వారాలు ఎవరి పిజ్జా కూపన్ల కిందో పడి ఉంది.