సిగార్ రుచి చూడటం, 4వ పాఠం: ఇంగువ కట్టిన గుడ్డ

పోయిన పాఠం చివర, బర్బన్ (అమెరికా విస్కీ) పోసి ఖాళీ చేసిన పీపాల్లో ఆకుని నిలవ చేసిన సిగార్ ఒకటి తెచ్చుకుని, వెలిగించకుండా వాసన చూసి రాయమన్నాను కదా, ఆ పనికి మీరు పంపిన నోట్స్ అన్నీ రెండు రాత్రులు కూర్చుని చదివానండి. ఇవాళ అసలైతే వెలిగించిన తర్వాత మార్కులు ఎలా వెయ్యాలో మొదలుపెడదాం అనుకున్నా, కానీ ఆ నోట్స్ చూశాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు, ఎందుకంటే నూటికి తొంభై మంది ఒకటే రాశారు, "బర్బన్ వాసన అదిరిపోయిందండి, వెనీలా, 92 మార్కులు" అని. ఇంకా వెలిగించనే లేదు, 92 ఎక్కడి నుంచి వచ్చింది? పటమట నుంచి ఒకాయన పీపా ఘాటు గురించి పేజీన్నర రాశారు, ఫొటో చూస్తే ఆయన దగ్గరున్నది పీపాలో పెట్టిన రకమే కాదు, అదే కంపెనీ వాళ్ల మామూలు సిగార్. ముక్కు కంటే ముందు కళ్లు చదివేసినయ్ అన్నమాట. ఇందులో తప్పు నాదే, వాసన చూసి రాయమన్నాను గాని దేనికోసం వెతకకూడదో చెప్పలేదు.

ఇంకో ముగ్గురు ఆగలేక వెలిగించేశారు, కళ్లు తిరిగి పడుకున్నారంట. ముందు అది తేలుద్దాం, ఆరోగ్యం సంగతి కాబట్టి.

మనం గుంటూరు చుట్టుపక్కల వాళ్లం, 1976 నుంచి పొగాకు బోర్డు ఆఫీసే మన ఊళ్లో ఉంది, మనకి పొగాకు కొత్తా అనుకుంటాం. నేను కూడా గ్రేడింగ్ హాల్లో ఇరవై ఏళ్లు ఆకు పట్టుకున్నవాణ్నే. కానీ మనకి తెలిసిన వర్జీనియా ఆకు వేరు. దాన్ని బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, వారం రోజులు వేడి పెట్టి ఆరబెడతారు, ఆ వేడికి ఆకులో చక్కెర అట్లాగే నిలబడిపోద్ది, అందుకే పసుపు రంగు, అందుకే దాని పొగ కాస్త ఆమ్లంగా ఉంటది, నోట్లో నికోటిన్ పెద్దగా ఎక్కదు, లోపలికి పీలిస్తేనే ఎక్కుద్ది. సిగార్ ఆకు అట్లా కాదు. నీడలో గాలికి నెలన్నర రెండు నెలలు ఆరుద్ది, చక్కెర చాలావరకు పోద్ది, తర్వాత కుప్పలు వేసి పులియబెడతారు. తడి గడ్డివాములో చెయ్యి పెడితే ఎట్లా కాలుద్దో అట్లాంటి వేడి పుట్టుద్ది కుప్ప లోపల, అమ్మోనియా బయటికి పోద్ది. ఆ ఆకు పొగ క్షారంగా ఉంటది కాబట్టి నికోటిన్ బుగ్గల్లోంచే రక్తంలోకి వెళ్లిపోద్ది. అంటే సిగరెట్ లాగా లోపలికి పీల్చక్కర్లేదు, పీల్చకూడదు కూడా. ఆ ముగ్గురూ పీల్చారు, పైగా ఖాళీ కడుపుతో. కళ్లు తిరిగితే పక్కన పెట్టేసి, బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నీళ్లు తాగి పడుకోండి. ఇంకో మాట, లోపలికి పీల్చకపోయినా నోటికి, గొంతుకి క్యాన్సర్ ముప్పు ఉంటది, అందుకే నేను నెలకి ఒక్కటే, అది కూడా సగం దాటాక నోట్స్ పూర్తవగానే ఆపేస్తా. అలవాటు లేనివాళ్లు ఈ పాఠాల కోసం మొదలుపెట్టబాకండి. పద్దెనిమిది నిండనివాళ్లు ఇక్కడితో ఆపెయ్యండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

మన పెద్దవాళ్లు ఇంగువ కట్టిన గుడ్డ అంటారు కదా. ఇంగువ అయిపోయినా, గుడ్డ ఉతికినా వాసన పోదు. పీపా అచ్చం అదే. అమెరికాలో బర్బన్ చెయ్యాలంటే చట్టం ప్రకారం ప్రతిసారీ లోపల కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలి, ఒకసారి వాడిన దాంట్లో మళ్లీ బర్బన్ పోయటానికి లేదు. ఒక్కోటి దాదాపు 200 లీటర్లు పట్టేవి, అవన్నీ ఖాళీ అయ్యాక ఎక్కడికో పోవాలి, స్కాచ్ వాళ్లు, రమ్ వాళ్లు కొంటారు, కొన్ని సిగార్ వాళ్ల దగ్గరికి వస్తాయి. నికరాగ్వాలో పెర్డోమో అనే సిగార్ కంపెనీ వాళ్లు అట్లా పైఆకుని, అంటే సిగార్ పైన చుట్టే ఆకుని, బర్బన్ పీపాల్లో పెట్టి నిలవ చేస్తారు. పులియబెట్టటం అయిపోయిన ఆకుని, కాస్త పదును మీద ఉండగా పీపాలో సర్ది మూసి నెలల తరబడి వదిలేస్తారు. అంతే. అందులో విస్కీ పొయ్యరు. మళ్లీ చెప్తున్నా, పొయ్యరు.

ఇక్కడే అందరూ పడిపోతున్నారు, నాకు చిరాకొచ్చేది కూడా ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. పీపా అనగానే మందు వాసన వెతుకుతారు. ఆ ఆకుకి వచ్చేది మందు కన్నా ఎక్కువగా కాల్చిన చెక్క. ఓక్ చెక్కలో లిగ్నిన్ అని ఉంటది, దాన్ని కాలిస్తే వెనిలిన్ వస్తది, ఐస్‌క్రీమ్‌లో వెనీలా అంటామే అదే పదార్థం. చెక్కలో ఉన్న చక్కెర లాంటి పదార్థాలు మాడి పాకం వాసన ఇస్తాయి, అరిసెల పాకం ముదిరినప్పుడు వంటింట్లో వచ్చే వాసన గుర్తు తెచ్చుకోండి. ఓక్‌లో లాక్టోన్ ఉంటది, అది ఎండు కొబ్బరి వాసన. కాబట్టి మీ నోట్స్‌లో "బర్బన్" అని రాస్తే నేను కొట్టేస్తా. ముదురు పాకం అని రాయండి, కొబ్బరి చిప్ప అని రాయండి, కుంపట్లో ఆరిన బొగ్గు అని రాయండి, కొత్త తలుపు రంపపు పొట్టు అని రాయండి. బర్బన్ అనేది సిగార్ నడుముకున్న కాగితం మీది మాట, మీ ముక్కు మాట కాదు.

మరి మందు చల్లిన సిగార్లు లేవా అంటే ఉన్నాయి, బోలెడు. రుచులు పట్టించిన సిగార్లు అదో వేరే జాతి, వాటిని ఇష్టపడేవాళ్లు ఉంటారు, గొడవేం లేదు, కానీ వాటిని పీపా సిగార్ అని అమ్మితే మాత్రం ఒప్పుకోను. బెజవాడలో ఒక షాపులో నాకు రమ్ పీపాదని చెప్పి ఒకటి అంటగట్టారు. ఇంటికొచ్చి వెలిగించకముందే పెదవుల మధ్య పెట్టుకుంటే తియ్యగా, కాస్త జిగటగా తగిలింది, నాలికతో పెదవి తడుపుకుంటే జీళ్లు తిన్నట్టుంది. తల భాగం మీద తీపి పూశారన్నమాట. పీపా ఎప్పుడూ పెదవికి జిగట తేదు. చేతులు సబ్బుతో కడిగాక కూడా వేళ్లకి వాసన, డబ్బాలో పక్కనున్న నాలుగు సిగార్లకీ అదే పట్టేసింది, ఆ నాలుగూ పాడైనట్టే. పీపా వాసన మెత్తగా ఉంటది, ముక్కు దగ్గరికి తెస్తేనే తెలుస్తది, గదంతా పరుచుకోదు. పెదవి, వేళ్లు, పక్క సిగార్లు, ఈ మూడూ చూస్తే చాలు, ఇంకేం పరీక్ష అక్కర్లేదు.

ఇంకోటుంది, పెరీక్ అని. అమెరికాలో లూసియానాలో సెయింట్ జేమ్స్ అనే చోట పండే ఆకు, దాన్ని విస్కీ పీపాల్లో కుక్కి, మర మీద బిగించి, దాని రసంలోనే అది ఏడాది దాకా పులిసేట్టు చేస్తారు. అక్కడ పీపా నిలవకి కాదు, పులవటానికి. ఎక్కువగా పైపు పొగాకులో కలుపుతారు. ఎవరో అడిగారు, రెండూ ఒకటేనా అని. కాదు.

కొయ్యటం, వెలిగించటం మీకొచ్చు, వదిలేస్తున్నా.

పీపాలో పెట్టింది పైఆకునా, లోపలి ఆకునా అనేది ముందే కనుక్కోండి, మార్కులన్నీ దాని మీదే. పైఆకు ఒక్కటే అయితే పాకం వాసన పెదవుల దగ్గర, మొదటి అంగుళంలో ఎక్కువ తెలుస్తది. లోపలి ఆకు అయితే పొగలోనే ఉంటది, చివరిదాకా వస్తది. నేను మొదటి భాగానికి అసలు మార్కులే వెయ్యను, చాలామంది వేస్తారు, నాకు నచ్చదు, కొత్త పెళ్లికూతురి పట్టుచీర చూసి వంట బాగా చేస్తదని చెప్పలేం కదా. మధ్య భాగమే నా పరీక్ష. అక్కడ వేడికి చెక్క వాసన తగ్గి కింద ఆకు బయటపడాలి, మట్టి, మిరియం, కాఫీ గింజ, తోలు, ఏదో ఒకటి తనదంటూ ఉండాలి. చెక్క పోయాక ఏమీ మిగలకుండా కాగితం కాలినట్టు ఉంటే, బలం లేని ఆకుని పీపాతో కప్పెట్టారని అర్థం. మంచి దాంట్లో రెండూ కలిసిపోయి ఏది ఎక్కడ ఆగిందో చెప్పలేకపోతాం.

ఘాటు, నిండుతనం రెండూ ఒకటే అనుకుని కలిపేసి రాశారు చాలామంది. మిరపకాయలు తెలిసినవాళ్లు కూడా ఇట్లా రాస్తే ఎట్లా? తేజ నాలిక మీద మండుద్ది, బ్యాడిగకి కారం తక్కువ గాని కూరకి రంగు, వాసన నిండుగా ఇస్తది. ఘాటంటే నికోటిన్, అది తలకి, కడుపుకి తెలుస్తది. నిండుతనం నోట్లో తెలుస్తది. పీపా నిండుతనాన్ని పెంచినట్టు అనిపిస్తది, ఘాటుని మార్చదు. తియ్యగా ఉంది కదా అని గబగబా లాగి పడిపోయేది అందుకే. నిమిషానికి ఒక్కసారి లాగండి, అంతకంటే వద్దు, ఎక్కువ లాగితే బొగ్గు వేడెక్కి చేదొస్తది, ఆ చేదుని ఆకు మీద నెట్టి మార్కులు తగ్గిస్తారు.

భోజనం అయ్యాక గంట ఆగండి. ఆవకాయ తిన్న నోటితో ఏ రుచీ తెలీదు, ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకోండి. కిళ్లీ, సోంపు, కాఫీ వద్దు, మంచినీళ్లే.

నిలవ గురించి ఒక్క మాట, వేసవి వస్తోంది కాబట్టి. గాలి చొరబడని డబ్బాలో, లోపలి తేమని 65 శాతం దగ్గర నిలబెట్టే ప్యాకెట్ వేసి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో పెట్టండి. మిరపకాయలు, పసుపు, ధనియాలు ఉన్న అల్మారాలో మాత్రం పెట్టబాకండి. నిలవ మిరపకాయలకి పట్టే చిన్న గోధుమరంగు పురుగు, పొగాకు పురుగు రెండూ ఒకటే. మే నెలలో మన ఇళ్లల్లో వేడికి గుడ్లు పొదిగి, పైఆకు మీద గుండుసూది బెజ్జాలు పడతాయి. అనుమానం ఉంటే రెండు కవర్లలో చుట్టి మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, ఒకరోజు మామూలు ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత బయటికి తియ్యండి. నేరుగా బయటికి తీస్తే పైఆకు పగులుద్ది.

ఇక ఈసారి పని. సిగార్ ముట్టుకోకండి. పదిరోజులు ముక్కుకే సాధన. రోజూ ఒక యాలక్కాయ నోట్లో వేసుకుని ముక్కు గట్టిగా మూసుకుని నమలండి, కాస్త చేదు, చల్లదనం తప్ప ఏం తెలీదు. అప్పుడు ముక్కు వదిలి, నోరు మూసుకునే గాలిని నెమ్మదిగా ముక్కులోంచి బయటికి వదలండి, యాలకుల వాసన ఒక్కసారిగా వస్తది చూడండి. నాలికకి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటివి నాలుగైదే తెలుసు, మిగతా అంతా ముక్కే. సిగార్ పొగ కూడా ఇట్లాగే, నోట్లో ఉన్నదాంట్లో పదో వంతు ముక్కు గుండా వదలాలి, ఊపిరితిత్తుల్లోకి కాదు. యాలకులు అయ్యాక లవంగం, మిరియం, ఎండు కొబ్బరి, ముదురు పాకం, రంపపు పొట్టు, ఆరిన బొగ్గు. తినేవి నమలండి, పొట్టు, బొగ్గు వాసన మాత్రమే చూడండి. తర్వాత కళ్లకి గంతలు కట్టుకుని ఇంట్లోవాళ్లని ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టమని చెప్పి, ఏదో చెప్పకుండా రాయించుకోండి. ఏడులో ఆరు వరుసగా మూడు రోజులు కరెక్ట్ వచ్చినవాళ్లే 5వ పాఠానికి సిగార్ తెచ్చుకోండి, దాని నడుము కాగితం ముందే పీకేసి, ఏది ఏదో తెలీకుండా మామూలుది ఒకటి, పీపాది ఒకటి వేరేవాళ్లతో కవర్లో పెట్టించుకుని ఉంచండి.