పైపులైను కందకంలో పురావస్తువు బయటపడితే చేయవలసిన పనులు

ద్రాక్షారామం, పాలకొల్లు వంటి పాత ఊళ్లలో మంచినీటి పైపులకో కేబుళ్లకో వీధి తవ్వించేవారు మొదట గుర్తుంచుకోవలసినది, డెల్టా నేల గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు కాబట్టి అందులో రాయి దానంతటది ఉండదన్న సంగతి. రోడ్డు కంకర పొర దాటాక జేసీబీ బకెట్టుకు చెక్కిన రాయి తగిలిందంటే, దాన్ని ఎవరో ఎక్కడినుంచో తెచ్చి అక్కడ వాడారన్నమాట. పెద్ద ఇటుకల వరుస, మట్టి ఒరలు పేర్చిన బావి, బూడిద కలిసిన మట్టిలో గుత్తంగా కుండపెంకులు కూడా అటువంటి ఆనవాళ్లే.

వీటిని ముందు చూసేది గోతిలో దిగిన కూలీ. పని ఆగితే కూలి పోతుందన్న భయం ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు కనుక, ఆ రోజు కూలి తప్పక ఇస్తామని పొద్దున్నే చెప్పాలి. ఆనవాలు కనిపించిన వెంటనే యంత్రాన్ని అదే లైనులో మరోచోటికి పంపి, ఇక్కడ తవ్విపోసిన మట్టిని విడిగా ఉంచాలి.

వస్తువును కదిపే ముందే పక్కన టేపు పెట్టి ఫొటో తీయాలి. రోడ్డు మట్టం నుంచి లోతును, రెండు పక్కా భవనాల మూలల నుంచి దూరాన్ని రాసుకొని, కందకం గోడను తాపీతో నున్నగా చెక్కి మట్టిపొరలు కనబడేలా మరో ఫొటో తీయాలి. ఏ పొరలో దొరికిందో తెలియని వస్తువు చరిత్రకారుడికి సగమే ఉపయోగపడుతుంది. డెల్టాలో ఊటనీరు త్వరగా చేరి పక్కలు విరుగుతాయి. ఒకటిన్నర మీటరు దాటిన గోతిలోకి, ఎంత విలువైనది కనిపించినా, పక్కలకు ఆనుడు లేకుండా ఎవరినీ దించరాదు.

రాగిరేకులు దొరికితే మరింత జాగ్రత్త అవసరం. తూర్పు చాళుక్యుల శాసనాల రేకులను ఒక కడియంతో కలిపి, వరాహ చిహ్నమూ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలూ ఉన్న ముద్ర వేసేవారు. ఆ కడియాన్ని కోయకూడదు. ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండుతో అసలే తోమకూడదు. తడిసిన కర్రను తడి గోనెసంచిలోనే ఉంచాలి, ఎండితే అది పగిలిపోతుంది. విగ్రహం బయటపడితే జనం పాలు, పసుపు తెస్తారు. ఊరి పెద్దలను ముందే కలుపుకొంటే జనాన్ని నొప్పించకుండా ఆపవచ్చు.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచినవారికి ఏడాది వరకు జైలు పడవచ్చు. ఆ పది రూపాయల హద్దు వల్ల నేడు ఒక్క వెండినాణెమైనా దీని కిందికే వస్తుంది. తహసీల్దారు ద్వారా సమాచారం పంపుతూనే, రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియానికీ చెప్పడం మేలు. రక్షిత కట్టడాల చుట్టూ నిర్మాణాలను నియంత్రిస్తూ పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ, ప్రజలకు నీరు, విద్యుత్తు అందించే పనులను ‘నిర్మాణం’ నిర్వచనం నుంచి మినహాయించింది. కాబట్టి గుడి పక్క వీధిలో తవ్వకం ఎవరి కంటా పడకుండానే జరిగిపోవచ్చు. అక్కడ పని మొదలుకాక ముందే పురావస్తు శాఖకు ఉత్తరం రాయాలి.

పరిశీలన తరువాత, బయటపడిన పాత గోడను అక్కడే వదిలేయమని అధికారులు చెబితే, దానిపై ఇసుక పరచి పైపును పక్కకు మళ్లించాలి. ఆ చోటునూ లోతునూ పని పూర్తయ్యాక ఇచ్చే నక్షాలో గుర్తించి మునిసిపాలిటీకి అందజేయాలి. లేకుంటే మరుసటి ఏడాది కేబుల్ వేసేవారు సరిగ్గా అక్కడే తవ్వుతారు.