సమ్మర్ ట్రిప్‌కి ముందు మోటార్‌హోమ్ హౌస్ బ్యాటరీలు మారుస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

రెండేళ్ల క్రితం అక్టోబరులో, అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కు అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో, తెల్లవారుజామున మూడింటికి మా మోటార్‌హోమ్‌లో (ఇల్లులా ఉండే బండిలో) హీటర్ ఆగిపోయింది. ప్రొపేన్ ట్యాంకు దాదాపు నిండుగానే ఉంది. కానీ ఫర్నేస్‌లో ఫ్యాన్ తిరగందే మంట వెలగదు, ఆ ఫ్యాన్‌కి 12 వోల్టుల కరెంటు కావాలి. హౌస్ బ్యాటరీలు, అంటే బండి లోపలి లైట్లకి, హీటర్‌కి కరెంటిచ్చేవి, అప్పటికే డీలా పడిపోయాయి. నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడేందుకు నాన్న పెట్టుకునే సీపాప్ మెషీన్ కూడా ఆగింది. విజయవాడ నుంచి వచ్చి నెల కూడా కాని అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుని, "తెల్లారడానికి ఇంకా ఎంతసేపుందిరా?" అని అడుగుతోంది. జనరేటర్ వేద్దామంటే అక్కడ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రెండేసి గంటలే అనుమతి.

ఆ బ్యాటరీలు వేయించి నాలుగు నెలలే అయింది. ఆర్‌వీకి (మోటార్‌హోమ్ లాంటి బండికి) పనికొచ్చేవేనని షాపులో చెబితే నమ్మి తీసుకున్నాం. తర్వాత ఒక్కొక్కటే విప్పి చూసుకుంటే తెలిసింది, బ్యాటరీ ఒక్కదాన్నే చూసి కొనకూడదని. దాన్ని నింపే చార్జర్, కరెంటు మోసే వైరు, కాపాడే ఫ్యూజు, ఇవన్నీ కలిపి చూశాకే డబ్బు తీయాలి.

అన్నిటికంటే ముందు, మీరు ఎక్కడ ఆగుతారో ఆలోచించండి. ఎప్పుడూ కరెంటు హుకప్ (బండికి బయటి కరెంటు తగిలించుకునే ప్లగ్గు) ఉన్న ప్రైవేటు పార్కుల్లోనే ఉండేవాళ్లకి మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. నేషనల్ పార్కుల సంగతి వేరు. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా హుకప్ లేదు. ఎల్లోస్టోన్‌లో ఒక్క ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులోనే ఉంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్‌లో ఉంది కానీ మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేదు. ఇలాంటి చోట రాత్రంతా బ్యాటరీయే దిక్కు.

ఇక మీ రాత్రి ఖర్చు కాగితం మీద రాసుకోండి. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఏహెచ్, మన ఊళ్లో ఇన్వర్టర్ బ్యాటరీ మీద చూసే ఏహెచ్ ఇదే. మా లెక్క ఇలా తేలింది. ఫర్నేస్ ఫ్యాన్ 7 ఆంపియర్లు లాగుతుంది. చలి రాత్రి పది గంటల్లో సగంసేపు తిరిగినా 35 ఏహెచ్. సీపాప్‌కి హ్యూమిడిఫయర్ ఆపేస్తే సుమారు 20, వేస్తే దానికి రెట్టింపు. లైట్లు, నీళ్ల పంపు, గ్యాస్ అలారం అన్నీ కలిపి ఓ 10. ఇంతవరకు 65. ఆ రాత్రి అమ్మ ఇన్వర్టర్ మీద రైస్ కుక్కర్ పెట్టింది. 600 వాట్ల కుక్కర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 55 ఆంపియర్ల దాకా లాగుతుంది, అరగంటలో 28 ఏహెచ్ ఖతం. మొత్తం 93. మీది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ అయితే రోజుకి ఇంకో 50, 60 కలుపుకోండి.

మా రెండు బ్యాటరీలు కలిపి 180 ఏహెచ్. కాగితం మీద చూస్తే బోలెడంత. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే మన చేతికొచ్చేది 90. పైగా మా పాత కన్వర్టర్ (హుకప్ కరెంటుతో బ్యాటరీ నింపే పరికరం) ఎప్పుడూ 13.6 వోల్టుల దగ్గరే నిలబడేది, బ్యాటరీలకి ఏనాడూ పూర్తి చార్జింగ్ ఎక్కలేదు. ఎప్పుడూ సగం సగం నిండి ఉండే లెడ్ బ్యాటరీ ప్లేట్లకి సల్ఫేట్ పట్టి, కొత్తదైనా కొన్ని నెలల్లోనే పాతదైపోతుంది.

స్టిక్కర్ చదివేటప్పుడు ఒకటి గమనించండి. క్రాంకింగ్ ఆంప్స్ అని పెద్ద అక్షరాలతో ఉందంటే అది ఇంజిన్ స్టార్ట్ చేయడానికే చేసినదో, లేదా ఆ పనికీ ఇంటి పనికీ మధ్యస్థంగా చేసినదో అయిన బ్యాటరీ. రాత్రంతా నెమ్మదిగా కరెంటు ఇచ్చే పనికి అసలైన డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి, దాని మీద 20 గంటల లెక్కన ఏహెచ్ రాసి ఉంటుంది. లెడ్‌లోనే ఉండాలనుకుంటే గోల్ఫ్ కార్టుల్లో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే 12 వోల్టులు వచ్చేలా, కలిపి వేసుకోవడం నాకు మంచిదనిపిస్తుంది. సుమారు 220 ఏహెచ్ వస్తుంది, గట్టిగా పనిచేస్తాయి. అయితే వాటి ఎత్తు దాదాపు 11 అంగుళాలు. కొనకముందే టేపు పెట్టి ట్రే కొలవండి, పైన టెర్మినళ్లకి, వైర్లకి జాగా కూడా వదిలి. నీళ్లు పోసే రకం అయితే నెలకోసారి మూత తీసి డిస్టిల్డ్ వాటర్ చూడాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బాక్సుకి బయటికి గాలి వెళ్లే దారి ఉండాల్సిందే. ఆ ఓపిక లేనివాళ్లకి నీళ్లు పోయక్కర్లేని లెడ్ రకం, ఏజీఎమ్ ఉంది. ధర ఎక్కువ, వాడకం మాత్రం అదే సగం.

లిథియం, అంటే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, హుకప్ లేని చోట ఉండేవాళ్లకి నిజంగా పనికొస్తుంది. 100 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువు 11 నుంచి 14 కిలోలే. గోల్ఫ్ కార్ట్ బ్యాటరీ ఒక్కొక్కటి 28 కిలోల పైమాటే. మేం చివరికి 100 ఏహెచ్‌వి రెండు లిథియం వేసుకున్నాం. కానీ పాతవి తీసి ఆ చోట్లో వీటిని పెట్టేస్తే చాలు అని ఎవరైనా చెబితే నమ్మకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టవుతుంది.

చలి సంగతి చూడండి. నీళ్లు గడ్డకట్టే చలిలో, అంటే 32 ఫారెన్‌హీట్ కింద, లిథియం కరెంటు ఇవ్వగలదు గానీ చార్జింగ్ పెట్టకూడదు. పెడితే లోపల లోహం పేరుకుని సెల్ శాశ్వతంగా పాడవుతుంది. చలిలో చార్జింగ్ తనంతట తానే ఆపుకునే సదుపాయం బీఎమ్ఎస్‌లో (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్‌లో) ఉందో లేదో స్పెసిఫికేషన్ కాగితంలో చూసి కొనండి, అమ్మేవాళ్ల నోటిమాట చాలదు. బ్యాటరీలు బయట మెట్టు కింద బాక్సులో ఉంటే ఇది మరీ ముఖ్యం. ఇంజిన్ వేడి తగిలే చోట కూడా లిథియం పెట్టకండి. బీఎమ్ఎస్ ఎన్ని ఆంపియర్ల దాకా ఇస్తుందో కూడా చూడండి. చాలా 100 ఏహెచ్ బ్యాటరీలకి 100 ఆంపియర్లే హద్దు. 1500 వాట్ల కెటిల్ దాదాపు 140 లాగుతుంది. బ్యాటరీ ఒక్కటే ఉంటే కాసేపటికే కట్ అవుతుంది.

చార్జింగ్‌కి మూడు దారులున్నాయి, మూడూ చూసుకోవాలి. హుకప్ నుంచి వచ్చే కన్వర్టర్‌కి లిథియం సెట్టింగ్ లేకపోతే మార్పించండి. సోలార్ కంట్రోలర్‌లో బ్యాటరీ రకం మార్చి, ఈక్వలైజ్ (లెడ్ బ్యాటరీలకి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజి ఇచ్చే సెట్టింగ్) ఆపేయండి. మూడోది ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్. దీన్నే చాలామంది మర్చిపోతారు. లిథియం ఎంత ఇస్తే అంత తాగుతుంది, నెమ్మదిగా తిరిగే ఇంజిన్ మీద ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. ఆ కరెంటుకి హద్దు పెట్టే డీసీ టు డీసీ చార్జర్ మధ్యలో పెట్టించాలి, మాకు 30 ఆంపియర్లది సరిపోయింది. ఈ ఖర్చులన్నీ కలిపాక కూడా లిథియం మీ బడ్జెట్‌లో పడితేనే ముందుకెళ్లండి. లేకపోతే మంచి లెడ్ బ్యాటరీలు, మంచి చార్జర్ కొనుక్కోవడమే మేలు.

ఫ్యూజు విషయంలో మాత్రం పైసా కూడా పొదుపు వద్దు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. లిథియం షార్ట్ అయితే ఒక్కసారిగా వేల ఆంపియర్లు వస్తాయి, మామూలు ఫ్యూజు దాన్ని ఆపలేకపోవచ్చు, క్లాస్ టీ రకం వేయించండి. 2000 వాట్ల ఇన్వర్టర్ 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. వైరు మందం దానికి తగ్గట్టు లేకపోతే ముందు ఇన్సులేషన్ కరుగుతుంది, ఆ తర్వాత మంటే.

కొత్తదీ పాతదీ కలపకండి, ఒక కంపెనీదీ ఇంకో కంపెనీదీ కలపకండి. అన్నీ ఒకేసారి మార్చాలి. లెడ్ బ్యాటరీ అయితే తయారీ తేదీ చూడండి. చాలావాటి మీద నెలకో అక్షరం, సంవత్సరానికో అంకె ఉంటుంది. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి. ఆరు నెలలు షెల్ఫ్ మీద పడి ఉన్నదాన్ని తీసుకోకండి. పాతవి తిరిగిచ్చేస్తే కోర్ డిపాజిట్ (పాత బ్యాటరీ కోసం షాపు పట్టి ఉంచే డబ్బు) వెనక్కి వస్తుంది.

స్వయంగా మార్చేవాళ్లు ముందు షోర్ పవర్ (బయటి కరెంటు ప్లగ్గు) తీసి, ఇన్వర్టర్, సోలార్ ఆపండి. ఉంగరం, వాచీ, చేతి కడియం, గాజులు తీసి లోపల పెట్టండి. ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య బంగారు ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుపోతుంది. నేను స్పానర్ పిడికి చివరిదాకా నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, నోరు మాత్రమే బయటికి వదిలాను. కళ్లద్దాలు పెట్టుకోండి. వైర్లు విప్పకముందే ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఒక్కో వైరుకీ చిన్న టేపు అంటించి పేరు రాయండి. మాది విప్పితే ఒక్క మైనస్ మీదే ఐదు వైర్లున్నాయి, తెల్లటి పొడి పట్టి ఏది దేనిదో తెలియలేదు. వంటసోడా కలిపిన నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి శుభ్రమైంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇందులో ఏ ఒక్కదాని మీద అనుమానమున్నా ఆర్‌వీ టెక్నీషియన్‌ని పిలవండి.

అంతా అయ్యాక నేరుగా ట్రిప్‌కి వెళ్లిపోకండి. మేం మా ఇంటి ముందే షోర్ పవర్ తీసేసి ఒక రాత్రి బండిలో పడుకున్నాం. కుక్కర్ పెట్టాం, హీటర్ వేశాం, నాన్న సీపాప్ పెట్టుకున్నారు. పొద్దున ఆరింటికి కాఫీ కలపడానికి లేచిన అమ్మ బ్యాటరీ మానిటర్ దగ్గరికి వెళ్లి చూసి, "యాభై రెండు శాతం ఉందిరా" అంది.