చింతకాయ దులిపే ముందు: కాయను బట్టి, గింజను బట్టి జాగ్రత్తలు

సంక్రాంతి దాటింది మొదలు ఉగాది పచ్చడికి కొత్త చింతపండు చేతికి వచ్చే దాకా పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చింతచెట్టు దులపడమే ఒక పెద్ద పని. పొలంగట్టు మీది సొంత చెట్టయినా, పంచాయతీ వేలంలో పాడుకున్న రోడ్డు పక్క చెట్టయినా ప్రమాదాలు అవే. చెట్టు మీది నుంచి జారిపడడం, గడ కరెంటు తీగకు తగలడం, ఆరబెట్టిన పండుకు బూజు పట్టడం, ఇంట్లో దాచిన పల్లికాయ పుచ్చిపోవడం వేర్వేరు కష్టాలుగా కనిపిస్తాయి గానీ, వీటిలో చాలా వాటికి మూలం ఆ కాయ కట్టులోనే ఉన్నది. అందుకే ముందుగా కాయ గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ తరువాత జాగ్రత్తల్లోకి వెళతాను.

చింత ప్రజాతిలో ఉన్నది ఒకే ఒక్క జాతి, టామరిండస్ ఇండికా. దాని పేరులో ఇండియా ఉన్నా, పుట్టినిల్లు మాత్రం ఉష్ణమండల ఆఫ్రికా. చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా, పెసర, మినుము కాయల మాదిరిగా ఎండగానే పగిలి గింజలను చిమ్మే గుణం చింతకాయకు లేదు. పండిన తరువాత కూడా మూసుకునే ఉంటుంది, గట్టి కాడతో కొమ్మనే పట్టుకొని వేలాడుతుంది, కోయకుండా వదిలేస్తే మళ్ళీ పూత వచ్చే దాకా కొన్ని కాయలు చెట్టు మీదనే ఉండిపోతాయి. పండు దానంతట అది రాలి చేతికి రాదు కాబట్టే మనిషి చెట్టెక్కవలసి వస్తున్నది.

పూత వేసవి చివర, తొలకరి రోజుల్లో వస్తే, కాయ పండడానికి ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు పెంకు గుజ్జుకు అంటుకొని ఉంటుంది; పండుతున్న కొద్దీ గుజ్జులోని నీరు తగ్గి అది ముడుచుకొని పెంకు నుంచి విడివడుతుంది, పెంకు పెళుసుబారుతుంది. వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చిన కాయే పండినట్టు. దోరకాయను తొందరపడి దులిపితే పెంకు ఊడదు, గుజ్జు ఎండదు, నిలవ ఉండదు. కాబట్టి చెట్టుకు నాలుగు దిక్కులా, పైనా కిందా పది పదిహేను కాయలు కోసి చూడకుండా కూలీలను పిలవకండి. ఒకే చెట్టులో ఎండ తగిలే పక్క ముందు, నీడ పక్క వెనుక పండడం సహజం. అదే విధంగా, మరీ ఆలస్యం చేయడమూ మంచిది కాదు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో పడే గాలివాన, వడగళ్ళు పెళుసు పెంకును పగలగొడతాయి, పగిలిన కాయలోకి తేమ చేరితే బూజు పడుతుంది.

చెట్టెక్కే పని ఎవరికి అప్పగించాలన్నది రెండవ ప్రశ్న. నల్లగొండ వైపు కల్లు కోసం తాటిచెట్లెక్కే గీత కార్మికులను చింతకు కూడా పిలుస్తుంటారు, కానీ తాటిమానుకు పనికివచ్చే మోకు, గుజి అనే తాళ్ళు, లావుగా పెరిగి అడుగు నుంచే కొమ్మలు చీలే చింతమానుకు పనికిరావు. 2024 నుంచి గీత కార్మికులకు ఇస్తున్న కాటమయ్య రక్ష కిట్లు (చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే సామగ్రి) కూడా తాటి, ఈత చెట్లకు ఉద్దేశించినవే. చింతకొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు మనిషి బరువును బాగానే ఆపుతుంది; ప్రమాదమంతా ఆకుల మధ్య కనిపించకుండా నిలిచిన ఎండుకొమ్మతోనే. ఎక్కే ముందు కింద నుంచే ఎండుకొమ్మలను గుర్తించి, ఎక్కేవానికి చూపించి, నడుముకు కట్టిన తాడును అతడు నిలబడే కొమ్మకు గాక, దానికి పైన ఉన్న లావుపాటి పచ్చికొమ్మకు కట్టించాలి. పొద్దున మంచు ఆరక ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో, మందు తాగినప్పుడు చెట్టెక్కనివ్వకూడదు. ఎవరైనా పడితే చేతులూ కాళ్ళూ పట్టి లేపి ఆటోలో వేయకుండా, మెడ, నడుము కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి; వెన్నుపూసకు తగిలిన దెబ్బ అట్లా లేపినప్పుడు ఇంకా ముదరవచ్చు.

రోడ్డు పక్క, బావుల దగ్గర చెట్ల కొమ్మల్లో నుంచి కరెంటు తీగలు పోతుంటాయి. వెదురు గడ అయితే ఏమీ కాదన్న ధీమా తప్పు, ఎందుకంటే పచ్చి వెదురుకూ మంచుకు తడిసిన వెదురుకూ కరెంటు పారుతుంది. ఇనుప కొక్కెం బిగించిన దోటి సంగతి చెప్పనవసరం లేదు. లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యే దాకా ఆ తీగకు కరెంటు ఆపే అనుమతి) తీసుకొని, కరెంటు ఆగిందని రూఢి చేసుకున్న తరువాతే ఆ పక్క కొమ్మలకు చేయి పెట్టాలి. పెద్ద తేనెతుట్టె ఉన్న చెట్టును ఆ ఏటికి వదిలేయడమో, తేనె తీసేవారిని ముందుగా పిలవడమో మేలు. ఇక గడతో ఇష్టమొచ్చినట్టు బాదితే లేత రెమ్మలు విరిగి వచ్చే ఏడు కాపు తగ్గుతుంది, కాయలూ పగులుతాయి. కొమ్మను పట్టి ఊపి, రాలనివాటిని మాత్రమే దోటితో తెంపి, కింద టార్పాలిన్ పరిచి పట్టుకోవడం మంచి పద్ధతి.

కాయ బరువులో సుమారు 55 శాతం గుజ్జు, 34 శాతం గింజ, 11 శాతం పెంకూ ఈనెలూ ఉంటాయని లెక్క. ఆ గుజ్జులో టార్టారిక్ ఆమ్లం 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది; కాయ పండినా ఈ పులుపు పెద్దగా తగ్గదు, చక్కెరలు పెరగడం వల్ల మాత్రమే తియ్యగా తోస్తుంది. రోజంతా పండు కొట్టి గింజ తీసే ఆడవారి వేళ్ళు పగిలి మండడానికి కారణం ఈ ఆమ్లమే కాబట్టి, పనికి కూర్చునే ముందు చేతులకు నూనె రాసుకోవాలి, కోసుకున్న వేలితో కూర్చోకూడదు. ఇనుప గంపల్లో, తుప్పు పట్టిన రేకు డబ్బాల్లో, కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో పండు నిలవ చేస్తే లోహం కరిగి పండులో కలుస్తుంది. మట్టికుండ గానీ జాడీ గానీ వాడాలి. గుజ్జు గాలిలోని తేమను పీలుస్తుంది, అందుకే మూడు నాలుగు రోజులు బాగా ఆరబెట్టి, ఉప్పు చేర్చి, గాలి చొరకుండా అదిమి కట్టాలి.

ఈ కాలంలో రైతులు ఎక్కువగా పట్టించుకోని విషయం ఒకటున్నది. చింతగింజను తొలిచే పెంకుపురుగు, కారియెడాన్ సెర్రేటస్, పల్లికాయను కూడా తొలుస్తుంది. తల్లిపురుగు కాయ పెంకు మీద గుడ్డును అంటిస్తుంది; అందులో నుంచి వచ్చిన పిల్లపురుగు పెంకును తొలుచుకుంటూ లోపలి గింజలోకి పోయి దాన్ని తినేస్తుంది. దీనికి చిక్కుడు కుటుంబపు చెట్లే సొంత ఊళ్ళు, అంటే చింతతో పాటు రేల, కానుగ వంటివి; పల్లికాయ పెంకుతో ఉన్నప్పుడు దానికి అది మరో చింతకాయ మాత్రమే. యాసంగి పల్లి పీకి ఆరబెట్టేదీ చింతపండు దులిపేదీ మన పాలమూరులో దాదాపు ఒకే కాలం కావడం, చల్లగా ఉంటుందని పల్లికాయను చింతచెట్టు కిందనే పోయడం, రెండింటినీ ఒకే కొట్టంలో దాచడం దానికి బాగా కలిసివస్తాయి. విత్తనానికి ఉంచిన పల్లికాయకు ఇది పెద్ద దెబ్బ. కాబట్టి పల్లికాయను చింతచెట్టుకు దూరంగా ఆరబెట్టాలి, చింతకాయ ఉన్న గదిలో పెట్టకూడదు, పాత గోనె సంచులను ఎండలో దులిపి వాడాలి, చెట్టు కింద రాలిపడిన చిల్లుల కాయలను ఏరి కాల్చేయాలి. చింతపండును గింజతో నిలవ చేయకుండా వీలైనంత త్వరగా గింజ తీయడం ఇంకొక మేలైన మార్గం, ఎందుకంటే పిల్లపురుగు తిని పెరిగేది గింజలోనే.

తీసిన గింజలను పారేయవద్దు, అట్లాగని ఇంటి నిండా చల్లవద్దు. నున్నగా, బల్లపరుపుగా ఉండే గింజ ఐదేళ్ళ లోపు పిల్లల గొంతుకు సులభంగా అడ్డం పడుతుంది. ఓమనగుంటలు పెద్ద పిల్లల ఆటగానే ఉండనివ్వండి. గింజ మీది గోధుమరంగు పొట్టులో వగరు పదార్థం ఎక్కువ కనుక, వేయించి ఆ పొట్టు తీయకుండా తింటే మలబద్ధకం తప్పదు. లోపలి పప్పులో జిగురు ఎక్కువ. గొంగడి నేసే కురుమలు ఉన్ని దారానికి పట్టించే గంజి దీనితోనే కాస్తారు. గంజికి, అమ్మకానికి ఉంచే గింజలను కడిగి, గుజ్జు ఆనవాలు లేకుండా ఎండబెట్టి, చిల్లులున్నవాటిని వేరు చేయాలి.

నారు పోసుకునేవారికి చివరిగా రెండు మాటలు. మంచి కాపు చెట్టు గింజ నాటితే అదే కాపు వస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. చింతలో పరపరాగ సంపర్కం ఎక్కువ, పైగా గింజ మొక్క కాపుకు ఏడు నుంచి పదేళ్ళు పడుతుంది. తోట వేసేవారు పీకేఎం 1 వంటి రకాల అంటుమొక్కలు కొనడం మంచిది, సొంతంగా అంటు కట్టుకునేవారికి వేరుమూలానికి, అంటే అంటు కింది మొక్కకు మాత్రం మన గింజలే చాలు. గింజలను ఒక రోజు నీటిలో నానబెట్టి విత్తితే వారం దాటాక మొలకలు కనిపిస్తాయి, కొన్ని నెల దాకా ఆగుతాయి గనుక సంచిని తొందరపడి తిరగతోడవద్దు. మొలక తల్లివేరు త్వరగా దిగుతుంది. చిన్న సంచిలో ఎక్కువ కాలం ఉంచితే అది అడుగున సుడి తిరుగుతుంది. పొడవాటి సంచుల్లో పెంచి, వానలు నిలకడగా పడిన తరువాత, జులైలో గుంతల్లోకి మార్చండి.