యూరిన్ కల్చర్: మొదటి మాత్రకు ముందే సీసా

మూత్రంలో మంట అని ఓపీకి వెళ్తే కల్చర్ రాస్తారు, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో మొలిపించి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష. అది చెడేది ఎక్కువగా ఇంట్లోనే. మందుల షాపులో అడిగి ముందే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ వేసేసుకుంటారు (డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని రూలుంది, అది వేరే సంగతి). ఒక్క డోసు పడినా ల్యాబ్‌లో ఏమీ మొలవకపోవచ్చు, రోగం మాత్రం పోదు. వేసుకుని ఉంటే మందు పేరు, వేసుకున్న టైము ల్యాబ్ చీటీ మీద రాయించండి.

చేతులు సబ్బుతో కడుక్కుని, మూత్రద్వారం నీళ్ళతో శుభ్రం చేసుకోవాలి, ఆడవాళ్ళు ముందు నుంచి వెనక్కి. మొదటి ధార వదిలేసి, మధ్య ధార 10-20 మి.లీ. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసాలో పట్టాలి. మూత లోపలివైపు వేలు తగలకూడదు. 2 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో 24 గంటల దాకా ఉంచవచ్చు. ఫ్రీజర్‌లో వద్దు. సూళ్లూరుపేట, నెల్లూరు నుంచి రైలెక్కి చెన్నైలో చూపించుకునేవాళ్ళు ఇంట్లో పట్టిన సీసా సంచిలో వేసుకు రావద్దు. ఆ ఎండకు దారిలోనే బ్యాక్టీరియా పెరిగి, లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపిస్తుంది. దిగాక ల్యాబ్‌లోనే ఇవ్వండి. ‘మిక్స్‌డ్ గ్రోత్’ (రకరకాల బ్యాక్టీరియా కలిసి మొలిచాయి) అని వస్తే చాలావరకు శాంపిల్ పాడైనట్టే. కావలసింది మందు కాదు, ఇంకో శాంపిల్.

రిపోర్టు 2-3 రోజుల్లో వస్తుంది. ‘ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అంటే పేగుల్లో ఉండే బ్యాక్టీరియానే, కాకపోతే సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్‌లను ముక్కలు చేసే ఎంజైమ్ (అదే ఈఎస్‌బీఎల్) దానికుంది. ‘ఎస్’ ఉన్న మందుకు లొంగుతుంది, ‘ఆర్’కు లొంగదు. ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస మందు మోతాదు) అంకెల్లో అన్నిటికంటే చిన్నది ఉన్న మందే గట్టిదనుకోవడం పొరపాటు. ఒక్కో మందుకు హద్దు వేరు, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకూడదు. మెరోపెనెమ్ అనే పెద్ద యాంటీబయాటిక్ పక్కన ‘ఎస్’ ఉందని ఇంజెక్షన్ అడగక్కర్లేదు. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యురాంటోయిన్ మాత్రలో, ఫాస్ఫోమైసిన్ పొడి 3 గ్రాములు ఒక్క డోసో చాలాసార్లు సరిపోతాయి. ఏది అన్నది డాక్టరు చెప్పాలి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఈ రెండూ చాలవు, కిడ్నీ లోపలికి తగినంత చేరవు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మంటా జ్వరమూ లేకుండా చెకప్‌లో బ్యాక్టీరియా కనబడితే, గర్భిణులకూ యూరాలజీ ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళకూ తప్ప సాధారణంగా మందు అక్కర్లేదు, షుగర్ ఉన్నా సరే. ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియా పోయేలా పేగులు శుభ్రం చేద్దామని యాంటీబయాటిక్ వాడితే లొంగేవి చచ్చి మొండివి మిగులుతాయి. రిపోర్టు ఫొటో ఫోన్‌లో దాచుకుని, తర్వాత ఎక్కడ చేరినా చూపించండి. మలద్వారం గుండా ప్రోస్టేట్ బయాప్సీ చేసేటప్పుడైతే తప్పనిసరి, ముందుగా ఇచ్చే మామూలు యాంటీబయాటిక్ ఈ బ్యాక్టీరియాను ఆపకపోవచ్చు.